మట్టి మిద్దె మారుస్తున్నారా?

సీమ పల్లెల్లో మిద్దె అంటే ఇంటి కప్పు ఒక్కటే కాదు. ఎండాకాలం రాత్రిళ్లు పడకలు వేసుకునేది అక్కడే. మిరపకాయలు, కందులు, వడియాలు ఎండేది అక్కడే. పక్కింటి వదినతో పిట్టగోడ మీదుగా కష్టసుఖాలు చెప్పుకునేదీ అక్కడే! కర్నూలు, కడప ప్రాంతాల్లో ఇలాంటి మట్టి మిద్దెలు ఇప్పటికీ చాలానే ఉన్నాయి. వాటిలో వయసైపోయినవీ తక్కువేం కాదు.

వీటి కట్టడం మన పెద్దలకు తెలిసిందే. గోడల మీద దూలాలు, వాటిపై దంతెలు, ఆ పైన చెక్కలో కట్టెలో బండలో పరిచి మట్టి పోస్తారు. చివరగా చౌడు. పైరుకు పనికిరాని చౌడు మన్ను ఇంటికి గొడుగెలా అయిందంటారా? అందులోని సోడియం వల్ల. నీళ్లు తగలగానే బంకమట్టి రేణువులు విడిపోయి సన్నని సందులన్నిటినీ పూడ్చేస్తాయి. ఇక వాన కిందికి దిగదు. ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్లు కురిసే నేలకు ఇంతకన్నా చవకైన కప్పు ఏముంటుంది! పైగా మండువేసవిలోనూ ఇల్లు చల్లగా ఉంటుంది.

చిక్కల్లా ఒక్కటే. ఏటా వానలకు ముందు కొత్త చౌడు వేస్తారు, పాతది తీయరు. "ఇంకో నాలుగు గంపలేస్తే ఈ వానాకాలం గడిచిపోతాదిలేప్పా!" అనేస్తారు ఇంట్లో పెద్దాయన. కానీ లెక్క చూడండి. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న గదిపై ఒక్క అంగుళం మట్టి సుమారు 400 కిలోలు తూగుతుంది. అడుగు మందం పేరుకుంటే దాదాపు అయిదు టన్నులు! తడిస్తే ఇంకా ఎక్కువ. పైన బరువు ఏటా పెరుగుతుంటే, కింద దూలం ఏటా పుచ్చుతుంటుంది.

2024 ఆగస్టులో నంద్యాల జిల్లా చాగలమర్రి మండలం చిన్నవంగలిలో మట్టి మిద్దె కూలి ఒకే కుటుంబంలో నలుగురు నిద్రలోనే కన్నుమూశారు. నాలుగు గంపల చౌడుతో ఇంకో ఏడాది నెట్టుకొద్దాం అనుకునే ప్రతి ఇంటికీ అది హెచ్చరికే.

ఇలా కనిపెట్టండి

దూలం మధ్యలో వంగిందా? గోడలో దిగిన చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. మెత్తగా దిగితే లోపల పుచ్చినట్టే. చెదలైనా, తేమైనా ఎక్కువగా అక్కడే మొదలవుతుంది. పొద్దున లేచేసరికి పక్కమీద మట్టి రాలి ఉన్నా, వానకు గోడ ఉబ్బినా ఆ గదిలో పడుకోవడం మానేయండి.

విప్పేటప్పుడు...

ఈ పని ఎండాకాలంలోనే పెట్టుకోవాలి. నైరుతి వానలు తప్పించుకున్నా, కడప వైపు అక్టోబరు, నవంబరు వానలు వదలవు. ముందు కరెంటు తీయించండి. దూలాల కింద గట్టి ఆసరాలు పెట్టించండి. మట్టిని పైనుంచి పలుచగా, అన్ని వైపులా సమంగా తీయాలి. తవ్వింది మధ్యలో కుప్ప పోయకూడదు. ఆ సమయంలో కింద ఎవరూ ఉండకూడదు. మట్టి, పరిచిన బండలు, దంతెలు... ఆ తర్వాతే దూలాలు. పిల్లల్ని ఆ చుట్టుపక్కలకే రానివ్వొద్దు.

మరి పైన ఏం వేయాలి?

చాలామంది స్లాబే అంటారు. అదే గదికి నాలుగంగుళాల స్లాబు రెండు టన్నులు దాటుతుంది. గోడ రాతిదా, మట్టిదా, పునాది ఎంత అన్నది ఇంజనీరుకు చూపించకుండా పాత గోడల మీద పోయించొద్దు. గోడలు ఆగవంటే లోపల పిల్లర్లు లేపాల్సిందే. ఇనుప దూలాల మీద బండలు పరిచి, సందుల్లో సిమెంటు పూయించడం మరో దారి. బండలకు మనకు కరువా! ఎర్రగుంట్ల, బేతంచెర్ల గనులు పక్కనే ఉన్నాయి. ఏది వేసినా మట్టి ఇచ్చిన చల్లదనం ఉండదు. పైన ఏటా సున్నం కొట్టిస్తే ఎండను కొంత తిప్పికొడుతుంది.

పాత కలపను మాత్రం పొయ్యి పాలు చేయకండి. పుచ్చిన కొసలు కోసేస్తే మధ్యలో గట్టి చేవ మిగలొచ్చు. తలుపులకో, కిటికీలకో, ఉయ్యాల బల్లకో పనికొస్తుంది. తాత ఎత్తించిన దూలం మనవరాలి ఉయ్యాలైతే, మిద్దె విప్పడానికి ఒప్పుకోని పెద్దాయన కూడా మెత్తబడతారు. ఒప్పించాల్సింది కూడా ముందుగా ఆయన్నే... అదీ తొలకరి పడకముందే!