ఓటమియే అభిమానికి పరీక్ష

ఉత్తర అమెరికా ఐస్ హాకీలో స్టాన్లీ కప్పు కొరకు ఏటా 16 జట్లు తలపడతాయి. ప్రతి దశలోను 7 ఆటలలో 4 గెలిచిన జట్టే ముందుకు సాగుతుంది. అభిమానులు రెండు నెలలు ఆశానిరాశల నడుమ ఊగిసలాడుతారు. ఆ తపనను మేము తప్పుపట్టము. అది లేనిదే క్రీడకు కళ లేదు. కాని అభిమానము దురభిమానముగా మారరాదు.

2011 జూన్ 15న తుది పోరులోని 7వ ఆటలో వాంకూవర్ జట్టు సొంత గడ్డపైనే బోస్టన్ చేతిలో ఓడినది. ఆటగాళ్ళు ఆచారము తప్పక వరుసగా నిలిచి విజేతలతో కరచాలనము చేశారు. వెలుపల మాత్రము కార్లు తగులబడినవి, దుకాణములు దోపిడికి గురైనవి. మరునాటి ఉదయము చీపుళ్ళు పట్టి వీధులను శుభ్రపరచినవారు కూడ ఆ నగర పౌరులే.

విద్యార్థులారా, జట్టు పరువు నిలిపిన అభిమానులు వీరేనని మా విశ్వాసము. మన కళాశాల మైదానములోను గెలిచిన ప్రత్యర్థికి చప్పట్లు కొట్టగల పెద్దమనసు అలవడుగాక!