రెండు వ్యాగన్ల లెక్క

సాస్తి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని పక్కన ఓబీ (ఓవర్‌బర్డెన్) మట్టి దిబ్బలు పోసి ఉన్నాయి. వాటి మీద మొక్కలు నాటి కర్బన క్రెడిట్లు అమ్ముకోవచ్చన్న ఆలోచన ఎవరికైనా ఉంటే ఇప్పుడే మానుకోవాలి. తవ్విపోసిన మట్టిని పచ్చగా చేయడం గని అనుమతిలోని షరతు. షరతు తీర్చినందుకు మళ్లీ బిల్లు పెడతారా?

ఈ వ్యాపారంలో ధర ఎలా కడతారో తెలియాలంటే పొరుగునే ఉన్న పవర్‌గూడను చూస్తే చాలు. సాస్తి ఉన్న రాజురా తాలూకా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోదే. ఈ గోండుగూడెమూ ఒకప్పుడు ఆ జిల్లాదే. అక్కడి మహిళా సంఘాలు కానుగ గింజలు ఏరి, నూనె ఆడించాయి. డీజిల్ బదులు ఆ నూనె వాడితే పదేళ్లలో తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు ఇచ్చింది. వాషింగ్టన్‌లో తాను పెట్టిన ఓ సదస్సుకు విమానాల్లో వచ్చినవాళ్ల పొగకు అది చెల్లు. టన్నుకు అప్పటి లెక్కన రూ.200 పడింది.

మన బొగ్గు టన్ను కాలిస్తే సుమారు టన్నున్నర కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే పవర్‌గూడ ఆడవాళ్ల పదేళ్ల పొదుపు రెండు వ్యాగన్లు నిండేలోపే హారతి కర్పూరం! వాళ్ల కష్టంలో లోపం లేదు, కొన్నవాడి తూకంలోనే ఉంది.

పోనీ, గాలిలోంచి యంత్రాలతో లాగేద్దామా? ఐస్‌లాండ్‌లో క్లైమ్‌వర్క్స్ 2024లో నడపడం మొదలుపెట్టిన ‘మామత్’ కేంద్రం పూర్తిగా పనిచేసినా ఏడాదికి 36,000 టన్నులే లాగగలదు. ఆరు గూడ్సు రైళ్ల బొగ్గు పొగ అంతే ఉంటుంది. ఖర్చు టన్నుకు వందల డాలర్లు. ఎక్కించిన పొగను దించడానికి అయ్యే అసలు ఖరీదు అది. చెట్టు చౌకే, కానీ దానికి గొడ్డలి ఉంది, అగ్గి ఉంది.

అందుకే డబ్బు గని మొగదలనే వసూలు చేయాలి. 2010లో టన్ను బొగ్గుకు రూ.50తో మొదలైన సెస్సు 2016కు రూ.400 అయింది. 2017లో జీఎస్టీ పరిహారం కింద రాష్ట్రాల ఖజానాలకు మళ్లింది. 2025 సెప్టెంబరులో ఎత్తేశారు. ఆ రూ.400ను కేంద్రం తిరిగి వేయాలి. ఈసారి ఆ సొమ్మును గని ఊళ్లకే కట్టబెట్టాలి: గుంతలు పూడ్చడానికి, గని మూతపడితే సాస్తి కార్మికుల పిల్లలకు మరో పని చూపడానికి. 2023లో ప్రకటించిన కర్బన క్రెడిట్ల వ్యాపార పథకంలో ఓబీ దిబ్బల మొక్కలకు చోటు ఉండదని రాతపూర్వకంగా చెప్పాలి.