కొండకొక చలి, కొల్లేటికొక చలి

మార్గశిరమున మాటలాడ ప్రొద్దుండదనియు, సంక్రాంతికి చలి చంకలెత్తనీయదనియు, శివరాత్రికి శివశివా యని పోవుననియు మన పెద్దలు చెప్పుచుందురు. ఋతువు నడక నింత సూక్ష్మముగా గనిపెట్టిన ప్రజకు, జిల్లా పేరిట వెలువడు వాతావరణ సూచన యొక్కటియే చాలునా? చాలదని మా యభిప్రాయము.

2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన ఏలూరు జిల్లాను చూడుడు. ఒకవైపున పోలవరము, బుట్టాయగూడెముల మన్యము; మఱియొకవైపున కొల్లేటి పల్లము; నడుమ ద్వారకా తిరుమల, జంగారెడ్డిగూడెముల మెట్ట. ఎగువనుండి తమ్మిలేరు ఏలూరు మీదుగా కొల్లేటికి దిగును. ఎఱ్ఱకాలువ తాడేపల్లిగూడెపు పల్లపు భూములకు సాగును. పైన గురిసిన వాన క్రిందివారికి ముంపగును. ఇట్టి దేశమునకు శీతకాల మొక్కటి కాదు.

డిసెంబరు ముగియువఱకు భయము సముద్రమునుండి వచ్చును. 1977 నవంబరు 19న దివిసీమను, 1996 నవంబరు 6న కోనసీమను ముంచిన తుపానులను ఆంధ్రులు మఱువలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల చెంత తీరము దాటినపుడు, కోసిన పనలు చేలలోనే నాని ధాన్యము మొలకెత్తినది. పంట యింటికి వచ్చు నెలయు, తుపాను వచ్చు నెలయు నొకటియే యగుట మన దౌర్భాగ్యము.

తరువాతి భయము నిర్మలమైన రాత్రులనుండి వచ్చును. మబ్బులేని రేయి నేల తన వేడిమిని త్వరగా గోల్పోవును. చల్లబడి బరువెక్కిన గాలి కొండవాలున జాఱి లోయలో నిలుచును. చింతపల్లి, లంబసింగి, అరకు ప్రాంతములు వేకువను గడగడలాడుటకు ఎత్తుతోడు ఇదియు కారణమే. మన్యపు గుడిసెలో కంబళి లేని శిశువునకు ఆ చలి ప్రాణాపాయము. పల్లమున నదే రాత్రి పొగమంచై దిగును. సర్కారు కొనుగోలున ధాన్యమునకు తేమ 17 శాతము మించరాదు. ప్రొద్దెక్కువఱకు మంచు వీడనిచో రహదారి ప్రక్కన ఆరబోసిన రాశి యెప్పుడారును? ఆరనిదానికి దళారి చెప్పినదే వెల. మబ్బు పట్టి వెలుగు తగ్గినచో చేపల చెరువులలో ప్రాణవాయువు క్షీణించి, తెల్లవాఱుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెఱచును.

శీతకాలారంభమున వాతావరణ శాఖవారు మూడు నెలల సూచన ప్రకటించుచున్నారు. అది ప్రశంసనీయమే. కాని యది సగటు లెక్క. సగటు లెక్కతో ఎవరి ధాన్యమును ఆరదు. వారమునకు రెండుమార్లు, మంగళ శుక్రవారములందు, వ్యవసాయ సలహాలు వెలువడుచున్నవి. వానిని రైతు ముంగిటికి జేర్చుటకై కృషి విజ్ఞాన కేంద్రములలో నెలకొల్పిన జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగములను, దేశమున 199 టిని, 2024లో మూసివేసిరి. దీపము వెలిగించి, చదువరి కూర్చుండుసరికి ఆర్పివేయుట యిట్టిదే కదా!

మేము కోరునది గొంతెమ్మ కోరిక కాదు. సూచన లోయలవారీగా రావలెను. ఎగువ వానమాపకముల లెక్క దిగువ గ్రామములకు వెంటనే తెలియవలెను. సామాన్యునకు బోధపడు తెలుగున, మన్యమున కోయభాషయందును, “మంచు ప్రొద్దెక్కువఱకు వీడదు, రాశి విప్పకుడు” అని స్పష్టముగా జెప్పవలెను. బరకములు తుపానుకు ముందే రైతు సేవా కేంద్రములలో సిద్ధముగా నుండవలెను. తడిసిన పిమ్మట పంచిన బరకము పరిహాసము. మన్యమునకు కంబళ్లు పుష్యమునకు ముందే చేరవలెను.

ప్రభుత్వము మేల్కొనువఱకు మనము నిద్రింపనేల? పఠనమందిరములకు వచ్చు సోదరులారా! సూచన తెలిసికొని మీలోనే యుంచుకొనకుడు. సంతకు వచ్చిన రైతునకు, రేవున నున్న బెస్తకు చదివి వినిపింపుడు. మీ గ్రామమున ఎన్ని గంటలకు మంచు విడినదో గోడపలకపై ప్రతిదినము వ్రాయుడు. పది గ్రామములట్లు వ్రాసిన, లోయలవారీ సూచన నడుగుటకు మన చేత లెక్కయుండును. లెక్కతో వచ్చిన ప్రజను కాదనుట ఏ సర్కారుకును సులభము కాదు.