జానెడు చోటు

వేంపల్లెలో ఎండ 40 డిగ్రీలు దాటే దినాలలో కడప బండలతో కప్పిన మిద్దె రాత్రి పొద్దుపోయేదాకా సెగలు కక్కుతూనే ఉంటుంది. అట్టి ఇంట ఫ్రిజ్ తన లోపలి వేడిని వెలుపలికి తోడిపోయాలి. దానిని గోడకు ఆనించి, పైన దుప్పటి కప్పితే ఆ వేడి ఎక్కడికి పోతుంది? కంప్రెసర్ విరామమెరుగక తిరిగి కాగిపోతుంది. గోడకూ దానికీ నడుమ జానెడు చోటు విడవడం పెద్ద త్యాగమేమీ కాదు.

పూర్వపు ఫ్రిజ్‌లలో వాడిన సి.ఎఫ్.సి. వాయువులు మండేవి కావు. ఓజోన్ పొరకు చేటు చేస్తున్నందున 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం వాటిని తొలగించింది. కొత్త ఫ్రిజ్‌లలో పెక్కింట ఉన్నది ఐసోబ్యూటేన్. వంటగ్యాసుకు దగ్గరి చుట్టం. కొన్ని పదుల గ్రాములే గనుక గొట్టాలలో ఉన్నంతవరకు భయం లేదు. కాని పేరుకున్న మంచును కత్తితో గీకి గొట్టానికి చిల్లు పెట్టేవారి తొందరపాటును ఏమనాలి? ఆ వాయువు వంటగ్యాసువలె వాసనతో హెచ్చరించదు. చిల్లు పడిందన్న అనుమానం కలిగితే కిటికీలు తెరవాలి. అక్కడి స్విచ్‌లను తాకరాదు. అసలు కరెంటు ఆపి తలుపు తెరచి ఉంచితే, ఈ సీమ ఎండకు మంచు కరగడమెంతసేపు!

2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మందిని బలిగొన్న మంట నాలుగో అంతస్తులోని ఒక ఫ్రిజ్ వద్దనే పుట్టింది. మేడంతటా దానిని పాకించినవి గోడలకు తొడిగిన పలకలు. తొలి నిప్పు మాత్రం వంటింటిదే.

వేలు పోసి ఫ్రిజ్ కొన్నవారు స్టెబిలైజర్ దగ్గర బేరమాడడం, ఎక్స్‌టెన్షన్ పెట్టెకు మిక్సీతోపాటు దానినీ తగిలించడం వింతయే. దానికి ఎర్త్ ఉన్న ప్రత్యేక ప్లగ్గు కావాలి. కాలిన వాసన వస్తే ముందుగా మెయిన్ ఆపాలి; కరెంటు ఉండగా నీళ్లు చల్లరాదు.