తీర్థం చూపుతుంది, నేర్పవలసింది బడి

కోనసీమలో కళకు కొరత లేదని, జాతరల్లోనూ తీర్థాల్లోనూ అది పిల్లలకు దానంతట అదే అబ్బుతుందని, కనుక బడి వేళను లెక్కలకూ సైన్సుకూ వినియోగించడమే మేలని ఒక అభిప్రాయం ఇక్కడ బలంగా పాతుకొని ఉన్నది. అప్పు చేసైనా పిల్లలను చదివించే తల్లిదండ్రులు మనస్ఫూర్తిగా నమ్మే మాట గనుక దీన్ని శ్రద్ధగా పరిశీలించి మరీ ఖండించవలసి ఉన్నది.

ఏటా కనుమనాడు మొసలపల్లి దగ్గరి జగ్గన్నతోటకు పదకొండు గ్రామాల నుంచి ప్రభలు, అనగా వెదురుతో ఎత్తుగా కట్టి, రంగురంగుల గుడ్డలతో అలంకరించి, రుద్రమూర్తులను నిలిపి, భుజాలపై మోసుకువచ్చే కట్టడాలు తరలివస్తాయి. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీలో నడిచింది ఈ ప్రభల తీర్థమే. పిల్లలందరూ దాన్ని చూస్తారు గాని, వెదురును ఎంత వంచాలో, బరువు ఎక్కడ నిలపాలో, ఏ రంగు పక్కన ఏ రంగు నప్పుతుందో తెలిసేది ప్రభ కట్టేవారి వెంట మెలగే కొద్దిమందికే. గ్రామదేవత జాతరలో గరగను, అంటే అమ్మవారికి ప్రతీక అయిన ఘటాన్ని, తలపై నిలిపి ఆడే నృత్యం కూడా ఎక్కువగా ఆ విద్యకు తరతరాలుగా కట్టుబడిన కుటుంబాలలోనే సాగుతున్నది. తీర్థం కళను అందరికీ చూపుతుంది, కొందరికే నేర్పుతుంది; ఆ కొందరెవరో చాలాసార్లు పుట్టుకే నిర్ణయిస్తుంది.

పుట్టుకపై ఆధారపడిన విద్య ఎంత సులువుగా తెగిపోగలదో ముమ్మిడివరం చరిత్ర తెలుపుతుంది. గుడిలోనూ, మేళమనే కచేరీలోనూ పాడి ఆడి అభినయించడం వృత్తిగా గల కళావంతుల కుటుంబాలకు ఆ ఊరు పేరుపొందినది. ఆలయాలకు స్త్రీలను అంకితం చేయడాన్ని నిషేధిస్తూ 1947లో మద్రాసు రాష్ట్రంలో వచ్చిన చట్టం సామాజిక న్యాయం దృష్ట్యా అవసరమైనదే. అయితే ఆ అభినయ విద్య ఆ స్త్రీల వద్ద తప్ప మరే విద్యాలయంలోనూ లేకపోవడం వల్ల వృత్తితోపాటు విద్య కూడా అడుగంటి, తరువాతి కాలంలో నటరాజ రామకృష్ణ వృద్ధ కళాకారిణుల జ్ఞాపకాల నుంచి దాన్ని ఏరి కూర్చి ఆంధ్రనాట్యంగా నిలబెట్టవలసి వచ్చింది. ఒకప్పుడు కొన్ని బ్రాహ్మణ కుటుంబాల పురుషులదైన కూచిపూడి మాత్రం, 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో స్థాపించిన అకాడమీ వంటి శిక్షణాలయాల ద్వారా ఆడపిల్లలకూ ఇతర కులాలవారికీ అందింది. అక్కడా ఫీజు అనే అడ్డు ఉండనే ఉన్నది. కులాన్నీ ఫీజునూ అడగకుండా అందరినీ కూర్చోబెట్టేది ఊళ్లో ప్రభుత్వ పాఠశాల ఒక్కటే.

2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు గల బడిలో పిల్లలు 100 మందికి మించితే కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలన్నది. లంక గ్రామాల, అంటే గోదావరి పాయల నడుమ ఉన్న ఊళ్ల చిన్న బడులను ఆ హద్దే పక్కకు తప్పిస్తుంది. పదో తరగతి పబ్లిక్ పరీక్షలోని 600 మార్కులలో చిత్రలేఖనానికి గాని సంగీతానికి గాని చోటు లేనందువల్ల, సిలబస్ మిగిలిపోయినప్పుడు ముందుగా బలయ్యేది డ్రాయింగ్ పీరియడే.

సంగీతం నేర్పితే లెక్కల్లో మార్కులు పెరుగుతాయని కళాభిమానులే కొందరు చేసే వాదన కూడా నిలిచేది కాదు. అమెరికన్ పరిశోధకులు ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్లాండ్ 2000లో వెలువరించిన విస్తృత సమీక్షలో, కొన్ని పరిమిత అంశాలలో తప్ప, కళాభ్యాసమే చదువు మార్కులను పెంచుతుందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. గీత గీయడం, శ్రుతి పట్టడం, తాళం తప్పకుండా నలుగురితో అడుగు వేయడం వాటికవే విద్యలు. వాటికి లెక్కల మాస్టారి సిఫారసు అక్కరలేదు.

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల ప్రతి ఉన్నత పాఠశాలలోనూ చిత్రలేఖనానికీ సంగీతానికీ శాశ్వత ఉపాధ్యాయులను నియమించాలి. ప్రభలు కట్టేవారినీ గరగ కళాకారులనూ గౌరవవేతనంతో తరగతి గదికి పిలవాలి. తల్లిదండ్రుల కమిటీలు ఈ విషయమై తీర్మానాలు చేసి జిల్లా విద్యాశాఖకు పంపాలి.