మన సంఘాల వెబ్ ఫారాలు ఎంత భద్రం? లిఖిత అనుమతితో పరీక్ష చేయించాల్సిందే

సభ్యత్వ నమోదు, వధూవరుల పరిచయ వేదిక, విద్యార్థులకు ఆర్థిక సాయం, వనభోజనాల చందా... హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూర్ ఎక్కడైనా తెలుగు సంఘాల పనులు క్రమంగా వెబ్ ఫారాల్లోకి మారుతున్నాయి. పేరు, ఫోన్ నంబరు, చిరునామా, ఆదాయం, గోత్రం కూడా ఆ గడుల్లో నింపుతున్నాం. మరి ఆ వివరాలు చేరే చోటుకు తాళం ఉందో లేదో ఎవరైనా చూశారా?

ఫారాలపై జరిగే దాడుల్లో బాగా పాతది ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్. పేరు రాయాల్సిన గడిలో ఒకడు పేరుతో పాటు 'బీరువా తెరిచి రిజిస్టరు ఇవ్వు' అని రాశాడనుకుందాం. గుమాస్తా దాన్ని పేరుగా కాక అధికారి ఆదేశంగా తీసుకుని బీరువా తెరిస్తే ఎలా ఉంటుంది? డేటాబేస్ విషయంలో జరిగేదీ అదే. దీనికి విరుగుడు కూడా పాతదే. గడిలో ఏం రాసినా దాన్ని సమాచారంగానే తీసుకునేలా, ఆదేశంగా ఎన్నటికీ తీసుకోకుండా ప్రోగ్రాం రాయాలి. ఈ పద్ధతిని పారామీటరైజ్డ్ క్వెరీ అంటారు.

ఈ లోపం గురించి 1998లోనే బహిరంగంగా రాశారు. అయినా 2023లో మూవిట్ అనే ఫైల్ బదిలీ సాఫ్ట్‌వేర్‌లో ఇదే లోపాన్ని పట్టుకుని ఒక ముఠా రెండు వేలకు పైగా సంస్థల సమాచారాన్ని దోచింది.

సంఘాలకు మరింత దగ్గరి పాఠం బ్రిటన్ టెలికాం సంస్థ టాక్‌టాక్‌ది. 2015 అక్టోబరులో జరిగిన దాడిలో దాని ఖాతాదారులు 1,56,959 మంది వివరాలు బయటికి పోయాయి. దొంగలు వచ్చింది 2009లో కొన్న మరో కంపెనీ నుంచి సంక్రమించిన పాత వెబ్ పేజీల ద్వారా. అవి ఇంకా నడుస్తున్నాయన్న సంగతే సంస్థ గమనించలేదు. అక్కడి సమాచార కమిషనర్ 4 లక్షల పౌండ్ల జరిమానా వేశారు. మూడేళ్ల కిందటి మహాసభల రిజిస్ట్రేషన్ ఫారం మన సైట్లో ఇంకా తెరిచే ఉందేమో ఎవరు చూస్తున్నారు?

టాక్‌టాక్ లోపాన్ని వెతికి పట్టుకున్న వారిలో టీనేజీ కుర్రాడు ఒకడున్నాడు. స్నేహితుల ముందు గొప్ప కోసం చేశానని కోర్టులో ఒప్పుకుని శిక్ష పొందాడు. భద్రతా నిపుణులు జీతం తీసుకుని చేసే పరీక్షకూ, అతను చేసిన వెతుకులాటకూ సాంకేతికంగా పెద్ద తేడా లేదు. ఉన్న తేడా అనుమతే.

మన చట్టం కూడా ఇదే చెబుతోంది. ఐటీ చట్టం 2000లోని 43వ సెక్షన్ ప్రకారం యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్ వ్యవస్థలోకి చొరబడితే పరిహారం చెల్లించాలి. దురుద్దేశం రుజువైతే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మంచి మనసుతో వెతికామని చెప్పేవారికి ప్రత్యేక రక్షణ ఆ చట్టంలో రాసి లేదు. కాబట్టి సంఘంలోని సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లను 'కాస్త చూడు బాబూ' అని నోటిమాటగా పురమాయించడం వాళ్లను చిక్కుల్లోకి నెట్టడమే.

అనుమతి కాగితం మీద ఉండాలి. ఏ సైటు, ఏ ఫారాలు, ఏ తేదీలు, ఎవరు చేస్తారు, ఏం చేయకూడదు అన్నవన్నీ అందులో రాసి అధ్యక్షుడో కార్యదర్శో సంతకం చేయాలి. సర్వర్ అద్దెకిచ్చిన కంపెనీ నియమాలూ చూసుకోవాలి. వీలైతే అసలు సైటు మీద కాక, ఉత్తుత్తి వివరాలు నింపిన నకలు మీద పరీక్షించాలి. లోపం ఉందని తేలగానే ఆగిపోవాలి. సభ్యుల వివరాలు బయటికి తీయకూడదు. నివేదిక కమిటీకే ఇవ్వాలి. సరిదిద్దాక మళ్లీ పరీక్షించాలి. ఖర్చు పెట్టుకోగలిగితే సెర్ట్-ఇన్ గుర్తింపు పొందిన ఆడిటర్లు ఉన్నారు.

'మాది చిన్న సంఘం, మా దగ్గర దోచుకోవడానికేముంది?' అనడానికి వీల్లేదు. లోపాలున్న ఫారాలను యంత్రాలే రాత్రింబవళ్లు వెతుకుతుంటాయి. వాటికి సంఘం పెద్దదా చిన్నదా అన్న తేడా లేదు. పైగా 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమాచారం సేకరించే సంస్థలపైనే భద్రత బాధ్యత పెట్టింది. తగిన జాగ్రత్తలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు వెళ్లవచ్చు.

ఎవరైనా బయటి వ్యక్తి వచ్చి 'మీ ఫారంలో లోపం ఉంది' అని చెబితే కేసు పెడతామని బెదిరించకండి. ముందు విని, ఫారం ఆపి, సరిచూసుకోండి. బెదిరిస్తే రెండోసారి ఎవరూ చెప్పరు.

వచ్చే కార్యవర్గ సమావేశంలోనే మూడు పనులు పెట్టుకోవచ్చు. నడుస్తున్న ఫారాలన్నిటి జాబితా రాయడం, అక్కర్లేని వాటినీ వాటిలోని పాత వివరాలనూ తొలగించడం, మిగిలిన వాటి పరీక్షకు అనుమతి పత్రం మీద సంతకం చేయడం. మనవాళ్లు సంఘాన్ని నమ్మే ఆ గడులు నింపారు. ఆ వివరాలను కాపాడాల్సిన పని కూడా సంఘానిదే.