పాత నగలో ఎర్ర రాయి.. కెంపా? టూర్మలినా? ఎక్స్ఛేంజ్‌కి ముందు ఇది చూసుకోండి!

2025 ఏప్రిల్‌లో 10 గ్రాముల బంగారం ధర తొలిసారి లక్ష రూపాయలు తాకింది. దాంతో బీరువాలోని పాత నగలు బయటికొస్తున్నాయి. కొందరు ఎక్స్ఛేంజ్ చేస్తున్నారు, ఇంకొందరు సెకండ్ హ్యాండ్ నగలు కొంటున్నారు. అందరి దృష్టీ బంగారం మీదే. మరి అందులోని రాళ్ల సంగతేంటి?

ఎక్స్ఛేంజ్‌లో సాధారణంగా జరిగేది ఇదే. రాళ్లు తీసేసి, మిగిలిన బంగారాన్ని తూకం వేసి లెక్క కడతారు. రంగు రాళ్లకు చాలాచోట్ల రూపాయి కూడా కలపరు. కొనేటప్పుడు మాత్రం అవే రాళ్లు 'కెంపులు, పచ్చలు' అయి బిల్లు పెంచుతాయి.

అసలు కన్ఫ్యూజన్ ఎక్కడ?

టూర్మలిన్ నవరత్నాల్లో లేదు, ఉపరత్నం. కానీ ఎరుపు, గులాబీ, ఆకుపచ్చ.. దాదాపు అన్ని రంగుల్లో దొరుకుతుంది. ఎర్రటి రకాన్ని రుబెలైట్ అంటారు. కంటితో చూస్తే అచ్చం కెంపే!

రాజులే పొరబడ్డారు. 1777లో స్వీడన్ రాజు మూడో గుస్తావ్, రష్యా రాణి క్యాథరిన్‌కు ఓ పెద్ద ఎర్ర రాయి బహూకరించారు. 'సీజర్స్ రూబీ'గా పేరుపడ్డ ఆ రాయి కెంపు కాదు, టూర్మలిన్ అని తర్వాత తేలింది.

అలాగని టూర్మలిన్ నకిలీ రాయి కాదు. బ్రెజిల్‌లో 1980ల్లో బయటపడ్డ నీలి రంగు పరైబా టూర్మలిన్ ప్రపంచంలోని ఖరీదైన రాళ్లలో ఒకటి. అంటే నష్టం రెండు వైపులా ఉంది. టూర్మలిన్‌ను కెంపు రేటుకు కొన్నా నష్టమే, మంచి రాయిని గాజు ముక్క అనుకుని వదిలేసినా నష్టమే.

హాల్‌మార్క్ ఉంటే చాలదా?

చాలదు. హాల్‌మార్క్, 6 క్యారెక్టర్ల హెచ్‌యూఐడీ చెప్పేది బంగారం స్వచ్ఛత గురించే. రాయి అసలుదా కాదా అన్నది దానికి సంబంధం లేదు. పైగా కుందన్, పోల్కీ, జడావు నగలకు తప్పనిసరి హాల్‌మార్కింగ్ నుంచి మినహాయింపు ఉంది. రాళ్లు ఎక్కువుండే నగలు కూడా ఇవే!

తూకంలోనూ జాగ్రత్త. 5 క్యారెట్ల రాయి అంటే 1 గ్రాము. నెక్లెస్‌లో 15 క్యారెట్ల రాళ్లుంటే 3 గ్రాములు. గ్రాము 10 వేలు అనుకుని రాళ్లనూ బంగారం కింద లెక్కేస్తే, 30 వేలు పోయినట్టే.

ఏం చేయాలి?

* అమ్మే ముందు పెద్ద రాళ్లను జెమ్ టెస్టింగ్ ల్యాబ్‌లో చూపించండి. రాయి పేరు, బరువు, ట్రీట్‌మెంట్ వివరాలు రిపోర్టులో రాసివ్వమనండి.
* ఎక్స్ఛేంజ్‌లో తీసిన రాళ్లు మీవే. అడిగి వెనక్కి తీసుకోండి.
* కొనేటప్పుడు బిల్లులో బంగారం నికర బరువు, రాళ్ల బరువు, రాయి పేరు వేర్వేరుగా ఉండాలి. 'కలర్ స్టోన్' అని రాస్తే ఒప్పుకోవద్దు.
* కెంపు గట్టిదనం 9 అయితే టూర్మలిన్‌ది 7 నుంచి 7.5 మాత్రమే. వేడి తగిలితే పగలొచ్చు. రిపేరుకు ఇస్తే కంసాలికి ముందే చెప్పండి. ఇంట్లో గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగితే సరిపోతుంది.

అమ్మమ్మ నగలో రాయి విలువ ఎంతో ఇంట్లో ఎవరికీ తెలియకపోవచ్చు. కరిగించాక తెలుసుకున్నా లాభం లేదు. అందుకే ముందు రాయిని పరీక్ష చేయించండి, ఆ తర్వాతే బంగారం తూకం.